శ్రీ శాహూ ఛత్రపతి మహారాజుగారు: విద్యార్థిపోషణము

మన మహాసభాసంచికలలో ఏటేట మన కులమున జన్మించి పేరుగన్న పెద్దలయొక్క చరిత్రములను ప్రకటించుట ఆచారముగా వచ్చుచున్నది. ఈ సంవత్సరము మేమా యాచారమును తప్పితిమి. ఇచ్చట ప్రకటింపబడుచున్నది మన కులమువాడును, మన భాషవాడును గాని యొక మహారాజుయొక్క చరిత్రము. ఇందులకు కారణము గలదు. మన సంఘముయొక్క విద్యార్థిసహాయనిధిని గూర్చి సభ్యులలో చిరకాలమునుండి మూడు ప్రశ్నలు నలుగుచున్నవి. ఉన్నతపాఠశాల ముగించి పైచదువునకు పోజాలని బీదపిల్లలకు నిధినుండి యెంత యీయవలెను, ఎప్పుడీయవలెను, మన కులమువారికే యీయవలెనా అనునవియే యా ప్రశ్నలు. ఈ మూడును క్రొత్తవి కావు. నూఱేండ్లకు పైగా పూర్వము కొల్హాపురసంస్థానాధీశ్వరులగు శ్రీ శాహూ ఛత్రపతి మహారాజుగారు వీనినే యెదుర్కొని, మాటలతోగాక కట్టడములతోను, ధనముతోను, ఆజ్ఞాపత్రములతోను ప్రత్యుత్తరమిచ్చిరి. కావున సభ్యులును, దాతలును వారి చరిత్రమును సావధానముగా చదువవలెనని ప్రార్థించుచున్నాము.

జననము, దత్తస్వీకారము

మహారాజుగారు 1874వ సంవత్సరము జూన్ 26వ తేదీన కాగల్ అను జాగీరునందు ఘాట్గే వంశమున జన్మించిరి. తల్లిదండ్రులు పెట్టిన పేరు యశ్వంతరావు. తండ్రి జయసింగరావు, అప్పాసాహెబను పేర ప్రసిద్ధులు. తల్లి రాధాబాయి, ముధోల్ రాజవంశపు ఆడుబిడ్డ. బాలునకు మూడేండ్లయినను నిండీనిండకమునుపే తల్లి స్వర్గస్థురాలయ్యెను. కొల్హాపురపు రాజగు నాలుగవ శివాజీ పుత్రసంతానము లేక మరణింపగా, ఆయన రాణి ఆనందీబాయిగారు 1884 మార్చి 17వ తేదీన ఈ పదియేండ్ల బాలుని దత్తత చేసికొని శాహూ అని నామకరణము గావించిరి. మఱి రెండేండ్లకు కన్నతండ్రియు గతించెను. సింహాసనము లభించినను తల్లిదండ్రుల నీడ లేని బాల్యము వారిది. పరులయింట పెరుగు పిల్లల మనస్సు వారికి చివరివఱకు తెలిసియుండుటకు ఈ బాల్యమే కొంత కారణమని మాకు తోచుచున్నది.

రాజకోటయందలి రాజకుమార కళాశాలలో కొన్నియేండ్లు చదివి, పిమ్మట ధార్వాడలో ఫ్రేజరను ఆంగ్లేయోపాధ్యాయునివద్ద చరిత్రము, అర్థశాస్త్రము, రాజ్యపాలనము మొదలగు విషయములను నేర్చుకొనిరి. ఉపాధ్యాయునితోగూడ దేశాటనము గావించి జనుల స్థితిగతులను కన్నులార చూచిరి. 1891లో బడోదాకు చెందిన ఖాన్విల్కరు వంశపు కన్య లక్ష్మీబాయిగారిని వివాహమాడిరి. 1894 ఏప్రిల్ 2వ తేదీన, ఇరువదియేండ్లు నిండకమునుపే, రాజ్యాధికారమును స్వీకరించిరి. మహాకాయులు, మల్లయుద్ధమన్నను, వేటయన్నను మిక్కిలి మక్కువ గలవారు. సామాన్యరైతుతో నేలపై కూర్చుండి వాని భాషలోనే ముచ్చటించుట వారికి సహజము.

కచ్చేరీలోని స్థితి

అధికారము చేతికి వచ్చినంతనే మహారాజుగారు తమ కచ్చేరీవంక చూచిరి. 1894లో సాధారణపరిపాలనయందలి 71 పెద్దయుద్యోగములలో 60 బ్రాహ్మణుల చేతిలో నుండెను. సుమారు 500 గుమాస్తాపనులలో తక్కిన కులములవారు పదిమందికంటె నెక్కువ లేరు. దున్నువారును, నేయువారును, కాపు కాయువారును, తోలుపని చేయువారును గూడి పన్ను చెల్లించుచుండిరి. ఆ పన్ను లెక్క వ్రాయు కలము మాత్రము వారి పిల్లల చేతిలో లేదు. మహారాజుగారు ఉద్యోగముల నితరకులములవారికి ఇచ్చుటకు మొదటినుండియు సిద్ధముగానే యుండిరి. విద్యాధికుడైన భాస్కరరావు జాధవ్ వంటి మరాఠాయువకుని పిలిచి పెద్దయుద్యోగమున నియమించిరి. కాని అట్టివారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. ఉద్యోగమునకు తగిన చదువు వెనుకబడిన కులములలో లేదు. ఆ చదువు లేకపోవుటకు కారణమేమని వారు విచారించిరి.

ఆ విచారణలో తేలినది బుద్ధిమాంద్యము కాదు, బస లేకపోవుట. పల్లెబడిలో నాలుగక్షరములు నేర్చిన రైతుబిడ్డ పట్టణపు ఉన్నతపాఠశాలలో చేరవలెనన్న ఎచ్చట దిగవలెను? ఎవరు వానికన్నము పెట్టుదురు? మన దేశమున బీదబ్రాహ్మణబాలురు వారములు చేసికొని, ఇంటికొకదినము చొప్పున భుజించి చదువుకొనుట పూర్వమునుండి గలదు. మహారాష్ట్రదేశమునను మధుకరమను పేర నట్టి యాచారముండెను. అది బీదవిద్యార్థికి సమాజమిచ్చు విద్యార్థివేతనమే. కాని యా వారములు కాపుబిడ్డకు లేవు, కుమ్మరిబిడ్డకు లేవు, మాలమాదిగల బిడ్డలకు మొదలే లేవు. గది యద్దెకిచ్చువాడైనను వాని కులమడిగి తలుపు మూయును. ఇట్లు బడి తెఱచియున్నను దానికి పోవు దారి మూయబడియుండెను.

వేదోక్తవివాదము

ఇంతలో 1899లో నొక సంగతి జరిగెను. కార్తికమాసమున మహారాజుగారు పంచగంగానదిలో స్నానము చేయుచుండగా, పురోహితుడు వేదమంత్రములకు మాఱుగా పురాణమంత్రములను పఠించుచుండెను. అడుగగా, శూద్రులకు వేదమంత్రములు పనికిరావనియు, మహారాజుగారును ఆ కోవలోనివారే యనియు నాతని యభిప్రాయముగా తేలెను. ఛత్రపతి శివాజీమహారాజు సింహాసనమున గూర్చున్న ప్రభువునకే యిట్టి యవమానము జరిగిన, ఊరిబయట నుండు బీదవాని గతి యేమని వారి హృదయము కలతచెందెను. వివాదము ఏండ్లకొలది సాగెను. రాజపురోహితుని యీనాములు జప్తుచేయబడెను. పత్రికలు రెండు పక్షములుగా చీలెను. బాలగంగాధర తిలకువంటి దేశనాయకులును మహారాజుగారి పక్షము వహింపలేదు.

తమ గౌరవమును నిలుపుకొనుటకు పురోహితుని మార్చిన చాలును. మహారాజుగారు దానితో నాగలేదు. తమకు జరిగినది ప్రతిదినము లక్షలాది జనులకు జరుగుచున్నదని గ్రహించి, దానికి విరుగుడు విద్యయే యని నిశ్చయించిరి. మేమీ చరిత్రమును వ్రాయుటకు పూనుకొన్నది ఈ నిశ్చయమును బట్టియే.

మొదటి వసతిగృహము నేర్పిన పాఠము

వేదోక్తవివాదమునకు పూర్వమే, 1896లో, మహారాజుగారు కొల్హాపురమున సర్వకులములవారికిని ఉద్దేశించి యొక విద్యార్థివసతిగృహమును స్థాపించియుండిరి. ఉద్దేశము మంచిది, ఫలితము వేఱు. నిర్వహణము ఒక వర్గమువారి చేతిలో నుండుటచే కాలక్రమమున అందు ఆ వర్గపు బాలురే మిగిలిరి. తక్కినవారు చేరలేకపోయిరి, చేరినవారును నిలువలేకపోయిరి. ద్వారముపై అందరికినని వ్రాసినంతమాత్రమున అందరును లోనికి రాజాలరని మహారాజుగారు కనుగొనిరి. ఎవరికి భయము గలదో వారిని చేయిపట్టి లోనికి తీసికొనిరావలెను. వారివారే యచ్చట పెద్దలుగా నుండవలెను.

ఈ యనుభవమునుండి పుట్టినది వారి ప్రసిద్ధమైన ఏర్పాటు. 1901 ఏప్రిల్ 18వ తేదీన విక్టోరియా మరాఠా వసతిగృహము స్థాపింపబడెను. అదే సంవత్సరమున జైనవిద్యార్థులకును వసతిగృహము వెలసెను. 1906లో ముసల్మానువిద్యార్థులకును, ఆవెనుక వీరశైవులకును, తరువాత నామదేవకులపు దర్జీవారికిని, విశ్వకర్మలకును, దైవజ్ఞులను కంసాలివారికిని, సారస్వతులకును, వైశ్యులకును, క్రైస్తవులకును, చర్మకారులకును వేఱువేఱుగా వసతిగృహములు లేచెను. మహారాజుగారి జీవితకాలములోనే కొల్హాపురమున నిట్టివి సుమారు ఇరువది ఏర్పడెను. ఆ నగరమునకు వసతిగృహముల తల్లి యను పేరు వచ్చుట యిందువలననే.

ధనమునకు చేసిన ఏర్పాటు

దాతలు ముఖ్యముగా గమనింపవలసినది ధనమునకు మహారాజుగారు చేసిన ఏర్పాటు. ఊరక ధనమును వెదజల్లుట వారి పద్ధతి కాదు. ముందుగా నొక కులపు పెద్దలను రప్పించి సభ చేయించుదురు. ఆ కులమువారు తమలో చందాలు వేసికొని సంఘమేర్పఱచుకొనవలెను. అప్పుడు సంస్థానము స్థలము నిచ్చును. కట్టడమునకు మొత్తము నిచ్చును. ఏటేట గ్రాంటు నిచ్చును. కొన్నింటికి శాశ్వతమైన రాబడి కలుగునట్లు భూములును నిచ్చును. ముసల్మానుల వసతిగృహమునకు మహారాజుగారే స్వయముగా విద్యాసంఘాధ్యక్షపదవి వహించి, కొన్ని దర్గాల రాబడిలోని భాగమును విద్యార్థులకు మరలించిరి. దేవునిపేర వచ్చు ధనము బిడ్డల చదువునకు పోవుట దేవునికి కోపకారణము కాదని వారి నమ్మకము.

ఈ పద్ధతిలో మూడు గుణములు మాకు కనబడుచున్నవి. మొదటిది, ఒక సంవత్సరపు ఉత్సాహముతో ముగిసిపోక, దాత మరణించినను నిధి బ్రతికియుండునట్లు స్థిరమైన రాబడి నేర్పఱచుట. రెండవది, కులమువారి చేతినుండియు కొంత వచ్చునట్లు చేయుట. ఒక్క రూపాయి యిచ్చినవాడును ఆ వసతిగృహము తనదనుకొనును, దానిలెక్క అడుగును, దాని పిల్లలను తన పిల్లలనుగా చూచును. మూడవది, విద్యార్థికి ధనమును చేతబెట్టుటకంటె అన్నము, పడక, దీపము, పెద్దవాని కాపుదల అను నాలుగింటిని కల్పించుట. చదువునకు కావలసినవి ఇవియే. పుస్తకములు అరువు దొరకవచ్చును గాని ఆకలికి అరువు లేదు.

అంటరానివారి వసతిగృహము

అస్పృశ్యులనబడినవారి పిల్లలకై 1908 ఏప్రిల్‌లో నొక వసతిగృహము స్థాపింపబడెను. దానికి బొంబాయి గవర్నరు సర్ జార్జి క్లార్కుగారి కుమార్తెపేర మిస్ క్లార్కు వసతిగృహమని పేరు పెట్టిరి. తక్కిన వసతిగృహములకు ధనము చాలిన చాలును. దీనికి ధైర్యమును గావలసియుండెను. దీని ప్రారంభోత్సవమునకు సంబంధించిన యొక వృత్తాంతము మనవారెల్లరు తెలిసికొనదగినది. అప్పుడు కొల్హాపురపు జైనవసతిగృహమున భావూరావు పాటిల్ అను కుఱ్ఱవాడు చదువుకొనుచుండెను. ఆతడా యుత్సవమునకు పోయి వచ్చెను. వసతిగృహపు అధికారి స్నానము చేసి లోనికి రమ్మనెను. అంటరానివారితో గూర్చున్నందున మైల కలుగునని ఆతడు నమ్మడు గావున స్నానము చేయుటకు నిరాకరించెను. ఆ రాత్రియే వానిని వెళ్లగొట్టిరి. కులముచే కట్టబడిన యిల్లు కులమును దాటినవానిని బయటికి త్రోసెను. ఆ బాలుని మహారాజుగారి కోట ఆదరించెను. ఈ పేరును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. కడపట మరల చెప్పవలసియున్నది.

అస్పృశ్యవిద్యార్థులకు మహారాజుగారు బడిజీతమును మాఫీ చేసిరి. వేఱుబడులుండుట వలన మైలభావము స్థిరపడుచున్నదని కనుగొని, 1919లో వారికి ప్రత్యేకముగా నున్న పాఠశాలలను మూసి, అందఱితో గూడ నొకే పాఠశాలలో చేర్చుకొనవలసినదని యాజ్ఞాపించిరి. కోటలోని నీటితొట్టిని ముట్టుకొన్నాడని దెబ్బలు తిన్న గంగారామ్ కాంబ్లే అను సేవకునిచేత కొల్హాపురవీథిలో తేనీటిదుకాణము పెట్టించి, తామే బండి యాపించి యచ్చట తేనీరు పుచ్చుకొనుచుండిరి. తమ పరివారముచేతను త్రాగించుచుండిరి. అన్నమిచ్చి విద్య చెప్పించిన చాలదు, నలుగురిలో నిలువబెట్టవలెనని వారి యాశయము.

చదువు ముగించినవారికి దారి

చదివించి విడిచిపెట్టుట సగము సాయమే యగును. చదివినవానికి పని లేకున్న, వాని తరువాత బడికి పోవలసిన పదిమంది పొలమునకే పోవుదురు. ఈ సంగతిని మహారాజుగారు ముందుగానే యెఱుగుదురు. 1902లో ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకసందర్భమున వారు ఇంగ్లండునకు పోయిరి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము వారికి ఎల్.ఎల్.డి. బిరుదము నొసంగెను. వారచ్చట నుండగనే, 1902 జూలై 26వ తేదీతో, సంస్థానములో ఖాళీయగు ఉద్యోగములలో నూటికి 50 వెనుకబడిన కులములవారికే యీయవలసినదను ఉత్తరువు వెలువడెను. మన దేశమున నిట్టి యుత్తరువులలో ఇది మొట్టమొదటివానిలో నొకటి. దాని ఫలము పదియేండ్లలో కనబడెను. 1894లో 71 ఉద్యోగములలో 60 ఒకే వర్గమువారి చేతిలో నుండగా, 1912లో 95 ఉద్యోగములలో 35 మాత్రమే వారి చేతిలో నుండెను. వసతిగృహములు నడవకున్న ఈ యుత్తరువు కాగితముమీద నుండిపోయెడిది. ఉత్తరువు లేకున్న వసతిగృహములనుండి వచ్చినవారు వీథులలో నుండిపోయెడివారు. రెండెడ్లు గట్టిన కాడివలె ఇవి నడచెను.

వంశపారంపర్యముగా నుండిన కులకర్ణివృత్తిని 1918లో తొలగించి, జీతముగల తలాఠీలను నియమించుచు, అస్పృశ్యయువకులకును ఆ పని నేర్పించి యుద్యోగములిచ్చిరి. వారిలో చదువుకొన్నవారికి న్యాయస్థానములలో వాదించుటకు వకీలు సన్నదులనిచ్చిరి. మహారులను వెట్టికి కట్టివేసిన వతనుపద్ధతిని రద్దుచేసిరి.

చదువు పునాదినుండి రావలెనని, 1917లో ప్రాథమికవిద్యను ఉచితముగాను, నిర్బంధముగాను చేసిరి. పిల్లను బడికి పంపని తండ్రికి నెలకు ఒక రూపాయి జుల్మానా. ఈ ఏర్పాటు 1918 మార్చిలో చిఖలీ గ్రామమున మొదలయ్యెను. రాధానగరి ఆనకట్టకును, నూలుమిల్లునకును, వర్తకపేటకును ధనము వెచ్చించిన ప్రభువే బడికిని వెచ్చించెను. ఇవన్నియు నొకే లెక్కలోనివని వారి దృష్టి.

ఆడుపిల్లల చదువు

ఆడుపిల్లల విషయమునను మహారాజుగారు ఉపేక్ష వహింపలేదు. స్త్రీవిద్యాశాఖకు రఖ్మాబాయి కేళవ్‌కరుగారిని అధికారిణిగా నియమించిరి; ఆమె కుమార్తె కృష్ణాబాయి సంస్థానసాహాయ్యముతో వైద్యవిద్య నభ్యసించెను. 1918లో మహారాజుగారి రెండవకుమారుడు శివాజీ వేటయందు ప్రమాదముచే మరణించెను. ఆయన భార్య ఇందుమతీదేవి అప్పటికి పసిది. రాచకుటుంబములోని విధవ తెరచాటున నుండవలెనని అంతఃపురము తలచెను. పుత్రశోకములో నున్న మామగారు ఆ యభ్యంతరములను లెక్కచేయక కోడలిని సోన్‌తళీయందుంచి చదివించిరి. ఆమెతో గూడ చదువుటకు వివిధకులముల బాలికలను సహాధ్యాయినులుగా చేర్చిరి. తరువాతికాలమున ఇందుమతీదేవి కొల్హాపురపు స్త్రీవిద్యకు తోడ్పడినది. ఊరి పిల్లలకు చెప్పిన నీతిని తన యింటికోడలికడ ఆచరించి చూపుట సులభము కాదు. మన సభలలో స్త్రీవిద్యను గూర్చి యుపన్యసించు పెద్దలు తమ యింటి పదవతరగతి పిల్లను తలచుకొందురు గాక.

అంబేద్కరుగారికి తోడ్పాటు

బడోదామహారాజుగారగు సయాజీరావు గైక్వాడుగారి విద్యార్థివేతనముతో అమెరికాకు పోయి చదివివచ్చిన డాక్టరు భీమరావు అంబేద్కరుగారిని శాహూ మహారాజుగారు బొంబాయిలో వెదకికొని పోయి కలిసికొనిరి. 1920 జనవరి 31వ తేదీన వెలువడిన మూకనాయకపత్రికకు 2,500 రూపాయలు సాయము చేసిరి. ఆ యేటి మార్చిలో కాగల్ జాగీరులోని మాణగావ్ గ్రామమున జరిగిన అస్పృశ్యుల మహాసభకు స్వయముగా విచ్చేసి, మీకు నాయకుడు మీలోనే దొరకినాడని అంబేద్కరుగారిని చూపి జనులకు తెలియజేసిరి. అదే సంవత్సరమున నిలిచిపోయిన చదువును ముగించుటకు అంబేద్కరుగారు లండనునకు మరల పోవునపుడును మహారాజుగారు తోడ్పడిరి. ఒక ప్రభువిచ్చిన విద్యార్థివేతనము చదువును మొదలిడించెను. మఱియొక ప్రభువిచ్చిన సాయము దానిని నడిమిలో నాగిపోకుండ కాపాడెను. భారతరాజ్యాంగరచనాసంఘమున ఆ విద్యార్థి యే స్థానము నలంకరించెనో పాఠకులకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఆక్షేపణలు

మహాత్ముల చరిత్రములలో ఆక్షేపణలను దాచుట మాకు సమ్మతము కాదు. మహారాజుగారు ఆంగ్లప్రభుత్వమునకు విధేయులనియు, జాతీయోద్యమమునకు విముఖులనియు నాటి దేశాభిమానులు నిందించిరి. ఆ నింద నిరాధారము కాదు. కులమునకొక వసతిగృహము కట్టిన కులభేదము గోడలతో సహా స్థిరపడునను ఆక్షేపణ మఱింత బలమైనది. భావూరావు పాటిల్‌ను వెళ్లగొట్టిన రాత్రి ఆ యాక్షేపణకు సాక్ష్యము పలుకుచున్నది.

అయినను మహారాజుగారు కులగృహములను గమ్యముగా తలచలేదు, మెట్టుగా తలచిరి. నూతికి దిగినవాడు పైకి వచ్చుటకు ఏ త్రాడు దొరకిన ఆ త్రాడునే పట్టుకొనును. భిన్నకులముల వివాహములకు చట్టరక్షణ కల్పించినవారును, వేఱుబడులను మూసినవారును వారే. 1919 ఏప్రిల్‌లో కాన్పూరున జరిగిన కుర్మీ క్షత్రియ మహాసభ వారికి రాజర్షి యను బిరుదము నొసంగెను. ఒక కులసంఘపు వార్షికసభ తనకన్న విశాలమైన హృదయమును గుర్తించి గౌరవించిన దినమది. మనమును కులసంఘమువారమే గావున ఈ సంగతి మనకు ఆనందమును, కొంత బాధ్యతను గూడ కలిగించుచున్నది.

నిర్యాణము, ఆవెనుక

1922 మే 6వ తేదీన బొంబాయిలో మహారాజుగారు స్వర్గస్థులైరి. అప్పటికి వారి వయస్సు 48 యేండ్లయినను నిండలేదు. రాజ్యము చేసినది 28 సంవత్సరములు.

ఇక భావూరావు పాటిల్. వసతిగృహమునుండి గెంటబడిన యా బాలుడు పెరిగి, 1919లో రయత్ శిక్షణ సంస్థను స్థాపించెను. 1924లో సాతారాయందు అన్నికులముల పిల్లలును ఒకే పంక్తిని భుజించి, ఒకే కప్పుక్రింద పండుకొని, తమ పని తాము చేసికొనుచు చదువుకొను వసతిగృహమును నెలకొల్పెను. 1927లో గాంధీమహాత్ముడచ్చటికి విచ్చేసినపుడు దానికి శ్రీ ఛత్రపతి శాహూ వసతిగృహమని నామకరణము జరిగెను. కులమునకొక యిల్లు కట్టిన ప్రభువుపేర కులములేని యిల్లు వెలసెను. మెట్టు తన పని తాను చేసెను. ఆక్షేపకులకు ఇంతకన్న మంచి సమాధానము లేదు.

మన దేశమున

ఆ కాలమున మన తెలుగుదేశమునను ఈ గాలి వీచెను. 1918లో హైదరాబాదునందు రాజా బహద్దరు వెంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి వసతిగృహము వెలసి, పల్లెలనుండి వచ్చిన బాలురకు నగరమున నీడయయ్యెను. కాకినాడలో రఘుపతి వేంకటరత్నము నాయుడుగారును, పిఠాపురము మహారాజుగారును అనాథులకును, హరిజనవిద్యార్థులకును ఆశ్రయము కల్పించిరి. చెన్నరాజధానిలో 1921లో పానుగంటి రామారాయణింగారి మంత్రివర్గకాలమున ఉద్యోగములలో సకలవర్గములకు భాగముండవలెనను ఉత్తరువు వెలువడెను. కొల్హాపురపు ఉత్తరువునకిది 19 యేండ్లు చిన్నది. నేడు మనలో ఉద్యోగులై, వైద్యులై, న్యాయవాదులై ఈ సభను అలంకరించుచున్నవారిలో ఎంతమంది తాతలో, తండ్రులో ఇట్టి యేదో యొక వసతిగృహపు పంక్తిలో భోజనము చేసిరో వారే తలచుకొనవలెను.

మన నిధిని గూర్చి

ఇక మన మాట. మా లోపమును మేమే చెప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట పల్లెనుండి యొక బాలిక దరఖాస్తు మాకు చేరెను. పదవతరగతి మంచి గుణములతో ముగించినది. తండ్రి లేడు, తల్లి కూలిపని. పట్టణమున కళాశాలలో చోటు దొరకినది. వసతిగృహమున చేరుటకు ముందుగా కట్టవలసిన సొమ్ము లేదు. మా నిధిలో ధనముండెను. కాని కార్యవర్గము సమావేశమగుటకు రెండు నెలలు పట్టెను. మంజూరుకాగితము పోయినపుడు ఆ తల్లి వినయముగా దానిని త్రిప్పిపంపినది. గడువు దాటినది; పిల్ల పనికి పోవుచున్నది. మేమా కాగితమును దస్త్రములో భద్రపఱచితిమి. ఆ దస్త్రమును విప్పినపుడెల్ల సిగ్గుపడుచున్నాము. ఆలస్యముగా నిచ్చిన గ్రాంటు గ్రాంటు కాదు; అది లెక్కలలో వ్రాసికొనుటకు మాత్రమే పనికివచ్చును.

మహారాజుగారి చరిత్రమునుండి మేము నేర్చికొన్నది చెప్పి ముగించెదము. ఎంత యీయవలెనను ప్రశ్నకు: పిల్ల నిలువబడుటకు గావలసినంత. పదిమందికి పంచి యెవరికిని చాలకుండ చేయుటకంటె, మొదటి సంవత్సరపు బసకును, భోజనమునకును సరిపడునట్లు కొందరికిచ్చి, ఏటేట ఆ సంఖ్యను పెంచుట మేలు. ప్రభుత్వపు విద్యార్థివేతనములు వచ్చువఱకు పిల్ల ఆగగలుగునట్లు చేయుటయే మన పని. ఎప్పుడను ప్రశ్నకు: ఫలితములు వెలువడిన వారములోనే. అందులకు నిధిలో స్థిరమైన రాబడి యుండవలెను. ముగ్గురు సభ్యులకు వెంటనే మంజూరు చేయు నధికారముండవలెను. ఎవరికను ప్రశ్నకు: మన కులపు బీదవానికి ముందుగా, కాని మన ద్వారమువద్ద నిలిచిన మఱియొక కులపు బీదబిడ్డను వెనుకకు పంపుటకు మాత్రము కాదు. నూటికి కొంతభాగము అట్టివారికై వేఱుగా నుంచవలెనని మేము మహాసభవారికి విన్నవించుకొనుచున్నాము. మనము కట్టు యిల్లు భావూరావును వెళ్లగొట్టిన యిల్లు కాకుండుగాక.

దాతలగు మహాశయులు వివాహములకును, గృహప్రవేశములకును చేయు వ్యయములో నొక పాలు ఈ నిధికి వేయుదురని ఆశించుచున్నాము. కొల్హాపురమహారాజునకు సంస్థానముండెను, మనకు సంఘము గలదు. వారిచ్చినది భూములు, మనమీయదగినది చందాలు. ఆ పిల్లలకు రెండును ఒక్కటే: రాత్రి తినుటకన్నము, చదువుటకు దీపము, రేపు పోవుటకు బడి. ఆ మూడింటిని సమకూర్చుటకు సర్వేశ్వరుడు మనకు బుద్ధియు, శక్తియు ప్రసాదించుగాక.